మూడో పట్టికలోని మెదడు

మేడమ్ పోయారు. ఆదివారం పొద్దున కొట్టు రద్దీగా ఉండగా కంకిపాడు నుంచి వాళ్ల తమ్ముడు ఫోన్ చేశారు. నాన్న కత్తి పక్కన పెట్టేసి "అయ్యో, అమ్మగారు!" అంటూ కూలబడ్డాడు. నాకు మాత్రం ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

కాలేజీలో ఆవిడ నాకు బయోకెమిస్ట్రీ చెప్పారు. అంతకుముందే తెలుసు. బెంజ్ సర్కిల్ దగ్గర మా మాంసం కొట్టుకి స్టీలు డబ్బాలో ఐసు వేసుకుని, మేక మెదడు కోసం వచ్చేవారు. "కూరకాండీ?" అని పక్కవాళ్లు అడిగితే "చదువుకండీ" అని నవ్వేవారు.

నాన్నకి కొలెస్ట్రాల్ ఉందని తెలిసినప్పుడు, అది మెదడుకీ ఎక్కుతుందా అని భయపడ్డాడు.

"మెదడు వంటిల్లు వేరు భాయ్. రక్తంలోది లోపలికి రానివ్వదు, తనకి కావలసింది తనే వండుకుంటుంది. ఏ నరాల కణానికి ఎంత వడ్డించాలో చూసుకోడానికి అక్కడ ప్రొటీన్లున్నాయి" అన్నారు మేడమ్. ఆ వడ్డన ఎక్కడ తప్పుతుందో కనిపెట్టాలనే ఆవిడ తపనంతా.

ఒకసారి నాన్న పొరపాటున గొర్రె మెదడు ఇచ్చాడు. వారం తర్వాత గుర్తొచ్చి చెబితే, మేడమ్ తన నోట్‌బుక్‌లో ఆ మెదడు కొలతలున్న మూడో పట్టికంతా ఎర్ర సిరాతో కొట్టేసి మళ్లీ మొదలుపెట్టారు. అప్పట్నుంచి డబ్బా మూతకి ప్లాస్టర్ అంటించి, ఏ జంతువో నాన్న చేతే రాయించేవారు.

ఆ తప్పు బయటపడకముందే, ఆ వారంలోనే, మా డిపార్ట్‌మెంట్ హెడ్ "చూసిస్తానమ్మా" అని ఆ కాగితాలు జెరాక్స్ తీసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి అవి ఓ సైన్సు పత్రికలో అచ్చయ్యాయి. పేరు ఆయనది. మేడమ్ పేరు ఎక్కడా లేదు.

"పోనీలేమ్మా" అన్నారావిడ. నాకు పోనీ అనడం చేతకాదు.

సంస్మరణ సభలో హెడ్ మైకు పట్టుకుని, "నా దగ్గరే పని నేర్చుకుంది పాపం" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. లేచి అడిగాను.

"సార్, మీ పేపర్‌లో మూడో పట్టికలోని మెదడు ఏ జంతువుది?"

"మేకదేనమ్మా. నేనే దగ్గరుండి తెప్పించా."

వెనక వరసలోంచి నాన్న లేచాడు. "కాదండీ, గొర్రెది. ఇచ్చింది నేనే."

మేడమ్ తమ్ముడు నాకిచ్చిన ఆవిడ నోట్‌బుక్ తెరిచి చూపించాను. కొట్టేసిన పట్టిక పక్కన ఎర్ర సిరాతో ఆవిడ రాత: 'భాయ్ చెప్పారు, గొర్రెదట. అంతా మళ్లీ.' ఆ పేజీ ఫొటో ఆ సైన్సు పత్రికవాళ్లకి అప్పటికే పంపేశాను. నాకు హాయిగా అనిపించింది, దాచను.

హాలంతా చూస్తుండగా హెడ్ దండ పట్టుకుని మేడమ్ ఫొటో దగ్గరికి వెళ్లాడు. ఫొటో ముందు ఆవిడ స్టీలు డబ్బా ఉంది. మూతకి ఆ పొద్దునే అంటించిన తెల్ల ప్లాస్టర్, దానిమీద నాన్న వంకర అక్షరాలు: గొర్రె. దండ ఆయన చేతుల్లోనే ఉండిపోయింది.