ఆయుధపూజ నాడు ఆగిన నీటితొట్టె

నాకు స్ఫటికాలు పెంచడం వచ్చు. ఈ మాట చెప్పుకోవడానికి మొహమాటమేమీ లేదు. బళ్లారి ఎండకు ద్రావణం ఆవిరైపోయి చివరికి ఉప్పుపొడి మిగులుతుందని మా గైడ్ భయపెట్టినా నేను వినలేదు. థయోయూరియా, జింక్ లవణం కలిపిన ద్రావణాన్ని కరెంటుతో వెచ్చబెట్టే నీటితొట్టెలో ఉంచి, రోజూ కొద్దికొద్దిగా చల్లబరుస్తూ పోయాను. బొటనవేలంత స్ఫటికం పెరిగింది. లేజర్ పరీక్షకు పనికొచ్చేది అదొక్కటే. అది పాడైతే నా పీహెచ్‌డీ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

ఆయుధపూజ రోజు మా నాయన ల్యాబుకు వచ్చాడు. బజారులో మాకు బియ్యం దుకాణం ఉంది. ఆ రోజు తక్కెడకు కుంకుమ పెట్టాక ఇక ఎవరూ దాన్ని ముట్టుకోరు. కూతురి యంత్రాలకూ పూజ చేయాలని ఆయన ముచ్చట. పూజయ్యాక కింద భోజనాలు ముగించుకుని ఇద్దరం తిరిగి వచ్చేసరికి నీటితొట్టె ఒక్కసారిగా చల్లబడిపోయి ఉంది. ఆపేసిన స్విచ్ మీద చామంతిపువ్వు. ద్రావణం నిండా సన్నటి పలుకులు, స్ఫటికం ఒంటినిండా అవే.

"ఎవరు ఆపింది?" అని అరిచాను.

"నేనేమ్మా. పండగ పొద్దు దానికీ రెస్టు ఉండల్ల కదా."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇదేమన్నా తక్కెడా నాయనా?" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"పోయిందేమ్మా?"

"యాడికి పోతాది? నేనుండాను కదా," అన్నాను. ముందు నోటికొచ్చేసింది, తర్వాతే నాకు ధైర్యం వచ్చింది.

తొట్టెను మునుపటికన్నా కాస్త ఎక్కువ వేడి చేశాను. పలుకులన్నీ కరిగిపోయాయి. స్ఫటికం పైపొర కూడా కరగడం మొదలవగానే వేడి తగ్గించాను. అది మళ్లీ పెరిగింది. ఆగిన చోట మాత్రం తెల్లటి గీత మిగిలిపోయింది. గీతకు లోపలున్న తేట భాగాన్ని కోసి, సానపట్టి, పరీక్షకు నేనే తీసుకెళ్లాను. కంటికి కనపడని లేజర్ కాంతిని దానిగుండా పంపితే, అవతల తెల్లకాగితం మీద ఆకుపచ్చ చుక్క పడింది. స్ఫటికం పరీక్షలో నెగ్గినట్టే. ఫోన్లో ఫొటో చూపిస్తే నాయన, "సిరుగుప్ప వరిమడి మాదిరి ఉండాదే!" అని మురిసిపోయాడు.

మరుసటి ఆయుధపూజకూ వచ్చాడు. తొట్టెలో కొత్త స్ఫటికం పెరుగుతోంది. అన్నిటికీ కుంకుమ పెట్టి, స్విచ్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే కదల్లేదు.

"నువ్వు పోయి తినిరామ్మా. ఎవురన్నా వచ్చి ఆపేస్తారు. నేనీడే ఉంటా."