షావుకారుగారి కొర్రమీను

ఒక్క పనికి మాత్రమే పనికొచ్చే వస్తువును మా పక్కింటి నారాయణరావు గడప లోపలికి రానివ్వడు. గొడుగు కొన్నాడంటే అది వానాకాలంలో గొడుగు, మిగతా రోజుల్లో తిరగేసి దూలానికి వేలాడదీసిన ఉల్లిపాయల బుట్ట. చెడిపోయిన ఫ్రిజ్ వాళ్లింట్లో పిల్లల పుస్తకాల బీరువా. ఒకసారి గ్యాస్ అయిపోతే ఇస్త్రీ పెట్టెతో అప్పడాలు కాల్చాడు. ఆ తర్వాత చాలాకాలం అతని భార్య ఉమ కట్టిన ప్రతి చీరా ఇంగువ వాసన కొట్టింది. పెళ్లిళ్లలో ఆమె పక్కన కూర్చున్నవాళ్లకు ఊరికే ఆకలి వేసేది.

నారాయణరావుది నూజివీడులో మామిడికాయల వ్యాపారం. తాతల నాటి కొట్టు, నిష్ఠగల శాకాహారపు ఇల్లు. అలాంటి మనిషి ఒకనాడు బెజవాడ ఎగ్జిబిషన్‌కి వెళ్లి, ట్రాలీ ఆటో మీద నీలం రంగు ఫైబర్ పడవ వేసుకుని దిగాడు. వీధిలో ఏ బండి ఆగినా ముందు నేనే బయటికి వస్తాను. అది నా అలవాటు.

"ఏమయ్యా నారాయణరావూ, వరదలొస్తాయని టీవీలో ఏమైనా చెప్పారా?" అన్నాను.

"ఫ్యామిలీ బోటండీ పిన్నిగారూ! ఇంటిల్లిపాదికీ ఒకటే. షికారు తిరగొచ్చు, సామాను మోసుకోవచ్చు, చేపలు పట్టుకోవచ్చు."

"మీ ఇంట్లో కోడిగుడ్డు పేరెత్తితేనే ఉమ తలస్నానం చేస్తుంది. చేపలెందుకయ్యా?"

"పట్టడానికండీ. తినడానికని నేనన్నానా?"

ఆ వేసవంతా పడవ నీటి మొహం చూడలేదు. పెరట్లో వరిగడ్డి పరిచి అందులో చిన్నరసాలు మాగవేశాడు. కాయలు అయిపోగానే నీళ్లు నింపి మనవరాలు కీర్తిప్రియకు ఈతకొలను చేశాడు. మా వీధి చివర హారిక ఓణీల ఫంక్షన్‌కి దాని నిండా ఐసు పోసి కూల్‌డ్రింకు సీసాలు పేర్చి పంపాడు. పొరుగూరి చుట్టాలెవరో అది సోఫా అనుకుని కూర్చుని, కూర్చున్నంత వేగంగానూ లేచారు. తొలకరి జల్లు పడగానే బోర్లించి పెరట్లో నీళ్ల మోటారుకు కప్పు పెట్టాడు.

"అది పడవ కాదు పిన్నిగారూ, నాకు సవతి" అనేది ఉమ.

వానలు ముదిరి ముసునూరు దగ్గర వాళ్ల తోట పక్క చెరువు నిండాక పడవ ఎట్టకేలకు నీళ్లలో దిగింది. చెరువు వేలం పాడుకున్నవాళ్లతో మాట్లాడుకుని, నారాయణరావు రోజూ తెల్లవారగానే గేలం పట్టుకుని బయలుదేరసాగాడు. పట్టాల్సింది కొర్రమీనట. ఏ చిన్న చేపో అయితే సరిపోదట. ఎందుకని అడిగితే నవ్వి స్కూటర్ స్టార్ట్ చేసేవాడు.

కొర్రమీను కప్పను చూస్తే ఎగిరి మింగుతుంది. కానీ బతికున్న కప్పను గేలానికి గుచ్చడానికి షావుకారుకి చేతులు రాలేదు. అందుకని బాగా మాగిన రసం మామిడి ముక్క గుచ్చాడు. చెరువులో ఉన్న చేప ఒక్కటీ రాలేదు, తోటలో ఉన్న ఈగలన్నీ వచ్చాయి. చివరికి ఆన్‌లైన్‌లో రబ్బరు కప్పను తెప్పించాడు. ఆ పార్సిల్ ఉమ విప్పింది. ఆ కేకకు నేను పొయ్యి మీది పాలు వదిలేసి పరిగెత్తాను.

రబ్బరు కప్పకు చేప పడింది. దాన్ని నీళ్లలోంచి మామిడికాయలు కోసే చిక్కంతో ఎత్తాడట. కాయ పండిందో లేదో చూసినట్టు బొటనవేలితో నొక్కి చూశాడట. తర్వాత ప్లాస్టిక్ ట్రేలో గడ్డి పరిచి, రసాలు సర్దినట్టు జాగ్రత్తగా సర్ది, పైన కాస్త గడ్డి కప్పి, వీధిలో నలుగురికీ చూపిద్దామని ఇంటికి తెచ్చాడు. కొర్రమీను నీళ్లు లేకపోయినా అంత తొందరగా చావదని ఆయనకెవరు చెప్పాలి? ట్రే కింద పెట్టగానే అది ఎగిరి, హాల్లో రెండు పల్టీలు కొట్టి, పూజ గది గుమ్మం ముందు పడింది.

ఇల్లు కడిగి, పసుపు నీళ్లు చల్లి, ఉమ ఒకటే మాట చెప్పింది: "ఈ గడపలోకి ఇంకో చేప వస్తే నేను మా పుట్టింటికి పోతాను."

చేప రావడం మానేసింది. నారాయణరావు వెళ్లడం మానలేదు.

"ఏమయ్యా, ఈవేళ పడిందా?" అనేదాన్ని గేటు దగ్గర కాపు కాసి.

"పడిందండీ."

"ఏదీ?"

"వదిలేశానండీ" అనేవాడు, నా మొహం తప్ప మిగతా వీధంతా చూస్తూ.

వదిలేస్తే ట్రేలో గడ్డి ఎందుకు తడిసింది? గడ్డికి పొలుసులెందుకు అంటుకున్నాయి? నాకు కళ్లు లేవా? పైగా మనిషి ఇంటికొచ్చి టిఫిన్ వద్దనసాగాడు. ఇడ్లీ ముందు పెడితే పళ్లెం పక్కకు జరిపేవాడు. ఉమ నా దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంది.

"తింటున్నారండీ పిన్నిగారూ. ఎక్కడో వండించుకుని తినేసి వస్తున్నారు. ఈ వయసులో మా ఇంటికి ఇదేం ఖర్మ! నిజమని తేలితే ఆ పడవను ఆ పూటే అమ్మించేస్తాను. ఈయనకి కంచం, గ్లాసు వేరే పెట్టేస్తాను."

"ముందు తేలనీ" అన్నాను. తేల్చడం నాకు వదిలేయమని వేరే చెప్పాలా?

మరునాడు మా వీధి గోపి ఆటో మాట్లాడుకుని ఇద్దరం చెరువు దాకా వెళ్లాం. మేం వెళ్లేసరికి నారాయణరావు ట్రేని స్కూటర్ వెనక కట్టుకుని బయలుదేరుతున్నాడు. ఇంటివైపు కాదు, తోట వెనక పేటలోకి. వెనకే వెళ్లాం. ఒక రేకుల ఇంటి ముందు స్కూటర్ ఉంది. లోపల్నుంచి చేపల పులుసుకు తాలింపు పెట్టిన వాసన వస్తోంది. ఉమ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చూశారా? చూశారా?"

నేను తడిక తోసుకుని లోపలికి వెళ్లాను.

వసారాలో అచ్చమ్మ అప్పుడే వచ్చిన చేపకు బూడిద రాసి తోముతోంది. మంచం మీద కాలికి కట్టుతో ఆమె మొగుడు పెద్దిరాజు. ఆ మూల పీట మీద నారాయణరావు గోడవైపు తిరిగి, ముక్కుకు తువ్వాలు బిగించి కట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆ మొహం చేప తినేవాడి మొహం కానే కాదు.

పెద్దిరాజు వీళ్ల తోటల్లో కాయ కోసే ముఠాకు మేస్త్రీ. వేసవి చివర కొమ్మ విరిగి కింద పడి తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఉమ బియ్యం, పప్పు పంపితే, పని చెయ్యకుండా తీసుకోనని మర్యాదగా తిప్పి పంపిన మనిషి. ఆపరేషనైన ఒంటికి కొర్రమీను పెడితే గాయం తొందరగా మానుతుందని మావైపు ఏ ఇంట్లోనైనా చెబుతారు.

"రండమ్మగారూ, రండి" అన్నాడు పెద్దిరాజు ఉమను చూసి లేవబోతూ. "మీరైనా చెప్పండి. షావుకారుగారికి ఈ చేపల పిచ్చేంటండీ? పట్టకపోతే నిద్ర పట్టదంట. ఇంటికి తెస్తే మీరు ఊరుకోరంట. పారేస్తే పాపమని పసిపిల్లాడిలాగా దిగులు పెట్టుకుని వచ్చారండీ. పోన్లే పెద్దమనిషి అని, ఆయన కోసమని మేం తింటన్నాం."

"రోజూ ఇదే కూరండీ" అంది అచ్చమ్మ, విసుగ్గా ఉన్నట్టు నటించడం కూడా రాక నవ్వుతూ.

తువ్వాలు పైనుంచి నారాయణరావు కళ్లు ఉమను చూశాయి. ఆ కళ్లు ఎంత బతిమాలాయో! ఆమె ఒక్క మాట అంటే చాలు, రేపటి నుంచి పెద్దిరాజు ఆ ట్రే వైపు కూడా చూడడు. నేను, ఈ వీధిలో ఏ మాటైనా అందరికంటే ముందు అనేదాన్ని, నోరు మూసుకున్నాను.

ఉమ కొంగు నడుముకు దోపుకుంది.

"ఏం చెప్పమంటావు పెద్దిరాజూ, ఈయనతో నా పాట్లు! నువ్వున్నావు కాబట్టి నా ఇల్లు మైలపడకుండా ఉంది. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టి తినిపెట్టవా? నీకు పుణ్యం ఉంటుంది."

పెద్దిరాజు కట్టు కట్టిన కాలివైపు ఒకసారి చూసుకున్నాడు.

"మీరు అంతగా అడిగితే కాదంటానా అమ్మగారూ. లేచి నడిచేదాకా తింటానండీ. ఆ తర్వాత మాత్రం నా వల్ల కాదు."

"అంతవరకూ చాలు" అంది ఉమ.

బయటికొచ్చాక నేను ఊరుకోలేదు. "మరి టిఫిన్ ఎందుకు మానేశావయ్యా?"

"అచ్చమ్మ చేప కోస్తుంటే ఒకసారి చూశానండీ పిన్నిగారూ" అన్నాడు నారాయణరావు తువ్వాలు విప్పుతూ. "అప్పట్నుంచి ఇడ్లీ కూడా నన్నే చూస్తున్నట్టుంటుంది."

ఆ పడవ ఎందుకెందుకు పనికొస్తుందో దారిన పోయేవాళ్లను ఆపి మరీ చెప్పే మనిషి, ఈ ఒక్క పని మాత్రం కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. ఎంత తవ్వినా నాకూ చెప్పలేదంటే, అతన్ని నేను గౌరవించక తప్పదు.

మర్నాడు తెల్లవారగానే అలవాటు ప్రకారం గేటు దగ్గర నిలబడ్డాను. నారాయణరావు స్కూటర్ మీద ట్రే కడుతున్నాడు. ఉమ తలుపు వారగా నిలబడి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అంటోంది:

"ఏవండీ, ఈవేళ చిన్నదాన్ని పట్టుకోకండి. నిన్నటిదాంట్లో తలా తోకా పోతే ఏం మిగిలిందని?"