చెత్తతొట్టిలో తవ్వకం

ఆఫీసులో ఆయన్ని పొరలాయన అంటారు. పురావస్తు శాఖలో ఉద్యోగం. ఎక్కడ తవ్వకం జరిగినా ఆయన గుంతలో గోడలు నిటారుగా ఉంటాయి, నేల ఊడ్చినట్టుంటుంది, మట్టి రంగు మారిన చోటల్లా ఒక సన్నని గీత ఉంటుంది. కింది పొర పాతది, పై పొర కొత్తది. ఈ ఒక్క మాట మీదే ఆయన తల నెరిసింది.

ఇన్నేళ్ళలో ఆయనకు కిరీటం దొరకలేదు. పొయ్యిలు దొరికాయి, పగిలిన కుండలు, కొరికి వదిలేసిన ఎముకలు దొరికాయి. ఎవరైనా జాలిపడితే, “దాచుకున్నది జనం వెంట తీసుకుపోతారు. పారేసిందే మనకు మిగులుతుంది. మనిషి సంగతి తెలిసేది అందులోనే,” అంటాడు. అని ఊరుకోడు. ఆ ఎముక ఏ మూల, ఎంత లోతున దొరికిందో మొదలుపెడతాడు. విన్నవాళ్ళు అప్పటికే టీకి వెళ్ళిపోయి ఉంటారు.

ఇంట్లోనూ అంతే. బల్ల మీది కాగితాల గుట్టను సర్దనివ్వడు. టీవీ గ్యారంటీ కాగితం ఏదని అడిగితే కళ్ళు మూసుకుని, “పెళ్ళి శుభలేఖ కింద, పళ్ళ డాక్టరు చీటీ పైన,” అంటాడు. చెయ్యి పెడితే అక్కడే ఉంటుంది. ఒకసారి సోఫా కింద తన మేజోడు కనిపిస్తే, బయటికి తీసేముందు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీశాడు. భార్య ఆ ఫోటోని చుట్టాలందరికీ పంపింది.

ఆ శనివారం పొద్దున ఆవిడ దిద్దు పోయింది.

ఎర్ర రాయి దిద్దులు. పెళ్ళికి ముందు, మొదటి జీతంతో కొనుక్కున్నవి. ఎవరినీ అడక్కుండా ఆవిడ కొనుక్కున్న బంగారం అదొక్కటే. చెవి వాచిందని మంగళవారం ఒకటి తీసి, కాగితం ముక్కలో చుట్టి, వంటగది కిటికీ గట్టు మీద పెట్టింది. ఇప్పుడు అక్కడ కాగితమూ లేదు, దిద్దూ లేదు. ఇల్లంతా వెతికారు. మిగిలింది పెరట్లో చెత్తతొట్టి. వారానికోసారి వచ్చే చెత్తబండి ఆ రోజే రావాలి. వీధి చివర దాని గంట అప్పుడే వినిపిస్తోంది.

“తొట్టి బోర్లించండి,” అంది.

“బోర్లిస్తే పొరలు కలిసిపోతాయి.”

“కలిసిపోనీండి! చెత్తేగా?”

ఆయన ఆవిడ వంక జాలిగా చూశాడు. తాపీ, బ్రష్షు, పాత పేపర్లు తెచ్చుకుని, తొట్టి ముందు పీట వేసుకున్నాడు.

“మంగళవారం ఏం వండావు?”

“ఇప్పుడు నా వంట సంగతెందుకు?”

“తొక్కలు కావాలి.”

“బంగాళాదుంపలు.”

“అయితే దుంప తొక్కల మీద ఉండాలి.”

శుక్రవారం పొర ఒక పేపరు మీదికి వెళ్ళింది. చెంచాడు చెంచాడుగా. గంట దగ్గరవుతోంది.

గుమ్మం మెట్టు మీద చేతికర్ర పట్టుకుని ఆయన తల్లి కూర్చుని ఉంది. “పోనీలేరా నాయనా. పోయిన బంగారం దొరుకుతుందా? బండివాడికి ఇచ్చి పంపెయ్యి.”

“మీదయితే ఇలాగే అంటారా అత్తయ్యా?”

“నాదయితే చెవికే ఉండేది అమ్మాయ్.”

బండి గేటు ముందు ఆగింది. ఆవిడ పరుగెత్తింది.

“కాస్త ఆగు బాబూ. మా ఆయన తవ్వుతున్నారు.”

“ఏం తవ్వుతున్నారు మేడమ్?”

“చెత్త.”

బండివాడు కాసేపు ఆలోచించి ఇంజను ఆపేశాడు. “ఎంతవరకు వచ్చారు?”

“గురువారం.”

గురువారం పొరలో, ఉల్లిపొట్టు మధ్య, ఒక నల్లటి మచ్చ కనిపించింది. గుండ్రంగా, సీసా మూతంత. తాపీ కొసతో గీకాడు. టీ పొడి. ఇందాక పై పొరలో తీసిన శుక్రవారం టీ పొడే. గురువారంలోకి ఎలా దిగింది? ఆయన దిద్దు మరిచిపోయాడు, బండిని మరిచిపోయాడు. మొహం వెలిగిపోయింది.

“అమ్మా, చూడు! ఎవరో పైనుంచి కర్రతో పొడిచి గొయ్యి చేశారు. లోపల ఏదో కుక్కి, పైన టీ పొడి కప్పేశారు. నిన్నటి పని ఇది!”

తల్లి దగ్గింది. చేతికర్ర మెల్లగా వెనక్కి జరిగింది. దాని రబ్బరు కొసకు టీ పొడి అంటుకుని ఉంది. కొలవాల్సిన పనిలేదు. అయినా కొలిచాడు.

గొయ్యి అడుగున చిన్నచిన్న పొట్లాలు. ఒక్కోదాంట్లో ఒక్కో తెల్ల మాత్ర. రోజూ పొద్దున కోడలు అత్తగారి చేతిలో పెట్టే రక్తపోటు మాత్రలు. అన్నిటికంటే పైనున్న పొట్లంలో మాత్రతోపాటు ఎర్ర రాయి దిద్దు.

“గట్టు మీద కాగితం కనిపిస్తే తీసి చుట్టాను. కళ్ళు ఆనవు, లోపల ఏముందో నాకేం తెలుసు?” అంది తల్లి గొంతు తగ్గించి. “అవి మింగితే ఏం తిన్నా గడ్డి తిన్నట్టుంటుందిరా. దానికి చెప్పకు. నీ లెక్కల మార్కుల కాగితం మీ నాన్నకు కనపడకుండా పాతిపెట్టాను. ఎప్పుడైనా బయటపెట్టానా?”

“ఎక్కడ పాతిపెట్టావు?”

“ఇప్పుడదా నీకు కావలసింది?”

ఆయన పొట్లాలు చొక్కా జేబులో వేసుకుని, గేటు దగ్గరికి వెళ్ళి, భార్య అరచేతిలో దిద్దు పెట్టాడు. బండివాడు చప్పట్లు కొట్టాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

“ఎక్కడుంది?”

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. “అక్కడే. ఎక్కడో.”

దిద్దుతో చెవి దాకా వెళ్ళిన ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

“ఎక్కడోనా? మేజోడు దొరికితే గోడకెంత దూరమో చెప్పారు. ఇప్పుడు ఎక్కడోనా?”

ఆవిడ చూపు ఆయన మొహం మీంచి ఉబ్బిన జేబు మీదికి దిగింది. చెయ్యి పెట్టి ఒక పొట్లం తీసి విప్పింది. పెరట్లోకి నడిచింది.

“దొరికిందా అమ్మాయ్?” అంది అత్తగారు. “దొరుకుతుందని నే చెప్పలా?”

“నోటికి రుచి లేదంటే డాక్టరునడిగి మాత్ర మార్పించనా? మీకేమన్నా అయితే ఈ ఇంట్లో నేనెవరితో పోట్లాడాలి? ఈయనతోనా?”

లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు, మాత్ర తెచ్చింది. ఆవిడ వెనకాలే పెరట్లోకి వచ్చిన బండివాడు పేపర్లు మడుస్తూ, “సార్, గురువారం ఎత్తుకుపోనా?” అన్నాడు.

“నా ఎదురుగా మింగండి. సోమవారం ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్దాం.”

ముసలావిడ మింగింది. నోరు బార్లా తెరిచింది. నాలుక పైకెత్తి చూపించింది.

“ఇంకా అనుమానముంటే మీ ఆయన్ని తవ్వి చూడమను.”

ఆయన వంగి చూశాడు.