బోర్లించిన కంచం

నాకు సంతకం పెట్టే మందమే అచ్చరాలు వస్తయ్. నేను చెప్తాంటే నా బిడ్డ రాస్తాంది.

మా ఊరు ఏన్కూరు అడివి పక్కన. మిరపకాయ ఏరే దినాలల్ల ట్రాలీ ఆటో ఎక్కి తల్లాడ దిక్కు పోతం, పన్నెండుమంది ఆడోళ్లం. మా ముఠాల ఒక కట్టుబాటు ఉంది. సినిమా కథ చెప్పేదాని మిరప సాలు కూడ పక్కలోళ్లే ఏరాలె. కథ చెప్తాంటే చేతులు ఆగుతయ్ గదా. మోకాళ్లు పోయినకాన్నుంచి నేను ఆ కథల మీదనే ముఠాల నిలబడ్డ. లేకుంటే ముఠాను నడిపే మేస్త్రమ్మ నన్ను ఎన్నడో ఆటో దించేది.

సినిమా చూసుడు నేర్పింది మా ఆయన. "మాటలు గాదే, వాళ్ల చేతులు చూడు" అనేటోడు. నాకేమో పాటలు, కొట్లాటలే కావాలె.

అందరు ఎక్కువ అడిగేది పడవాయన కథ. మా ఆయనతోటి చూసిన ఆఖరు సినిమా అది. గోదారికి వరదొస్తే అవతలి ఒడ్డోళ్లను తెచ్చెటందుకు పడవాయన పోతడు. పెండ్లాం గట్టు మీద నిలబడి చూస్తది. గక్కడ ఇంటర్వెల్. మా ఆయనకు దగ్గు ఆగలే, ముందు కుర్చీలాయన తిట్టిండు, లేసి వచ్చినం. "మల్లొచ్చి చూద్దాం తియ్" అన్నడు. ఆ వానకాలం దాటలే ఆయన.

సగం కథ చెప్తే ఎవరూకుంటరు? మిగతాది నేనే అల్లిన. మూడు దినాలకు, నీళ్లల్ల కొట్టుకొచ్చిన చెట్టు మొద్దు పట్టుకొని పడవాయన తిరిగొచ్చిండని చెప్పిన. ఏటేటా చెప్పిన. చెప్పంగ చెప్పంగ నాకు సుత గట్లనే జరిగినట్టు అయింది.

మొన్న పగటి బువ్వకాడ మేస్త్రమ్మ కోడలు సెల్లుల ఆ సినిమానే పెట్టింది. అందరం మీదవడి చూసినం. పడవాయన రాలే. ఏడ్చుడు చూపియ్యలే, శవాన్ని చూపియ్యలే. పెండ్లాం పొయ్యికాడ రెండు కంచాలు పెట్టింది. ఒకదాంట్ల అన్నం పెట్టుకుంది. రెండోదాన్ని జరసేపు చూసి, తీసి బోర్లిచ్చింది. అంతే, అయిపోయింది.

"ఏంది పెద్దమ్మా, నీ మొద్దు యాడ కొట్టుకపోయింది?" అని కోడలు నవ్వింది.

"ఇన్నేండ్లు మనతోని ఉత్తగనే ఏరిపిచ్చుకుందే!" అని ఇంకొకామె.

మేస్త్రమ్మ నవ్వలే. "సెల్లులనే ఉన్నంక నీ కథ ఎందుకక్కా? ఇగ నీ సాలు నువ్వే ఏరుకో. ఎనకవడితే రేపు ఆటో ఎక్కకు."

ఏరుకున్న. వంగితే లేవరాదు, లేస్తే వంగరాదు. అందరు ముందుకు పోయిండ్రు. నాకు సిగ్గు కంటె ఆ కంచమే కండ్లల్ల మెదిలింది. మా ఆయన కర్మలైపోయి చుట్టాలు ఎల్లిపోయిన దినం నేను సుత రెండు కంచాలు పెట్టిన. ఎవరికీ చెప్పలే. ఆ సినిమా తీసినాయనకు ఎట్ల ఎరుక?

కోడలు ఎనకకొచ్చి పక్క సాళ్ల వంగింది.

"పెద్దమ్మా, ఆయన సచ్చిండని ఆమెకెవరు చెప్పిండ్రు? గది చూపియ్యనే లేదు."

"ఎవరూ చెప్పలే బిడ్డా. అలవాటుకు చెయ్యి రెండు పెట్టింది. మల్ల అదే చెయ్యి ఒకటి తీసింది. గప్పుడు ఎరుకైంది ఆమెకు."

కోడలు నాదిక్కు తిరిగింది. "మరి గట్టు మీద ఆమె చేతులు ఎట్లుండె? నేను చూడనే లేదు."

"మొదటికెళ్లి చెప్త, విను."

ఆమె చెయ్యి నా సాళ్లకొచ్చింది. మేస్త్రమ్మ ముందటి సాళ్లకెళ్లి ఒకసారి చూసి, మల్ల తన ఏరుడుల పడ్డది. కారానికి కండ్లు మండుతాన్నయ్. చెప్పుకుంట పోయిన. ఈసారి పడవాయనను తిరిగి తేలే.