చెవిటి కుక్కపిల్లా, నా తళవాయిపురం బస్సూ

ఆ రోజుల్లో తమిళనాట మా రాజపాళయంలో డాక్టరంటే తెలుసు, టీచరంటే తెలుసు, మిల్లులో ఉద్యోగమన్నా తెలుసు. పరిశోధన చేసే అమ్మాయిని మాత్రం ఏ లెక్కలో వేసుకోవాలో ఎవరికీ తెలియదు. నేను మదురైలో చదువుతూ వారం వారం ఇంటికి వచ్చేదాన్ని. "ఏం వేల చేస్తా ఉండావు పాపా?" అని, అంటే ఏం పని అని, అడిగిన ప్రతివాళ్ళకీ ఓపిగ్గా చెప్పేదాన్ని. మందునో జన్యువునో పాలిమర్‌తో చేసిన, కంటికి కనపడని చిన్న ఉండలో దాచి, ఒంట్లో కావలసిన చోటికి పంపడం నా పని అని. వాళ్ళ మొహాలు తెల్లబోయేవి. చివరికి విసుగొచ్చి, "ఆ ఉండ మన తళవాయిపురం బస్సు అనుకోండి. లోపల కూర్చున్న మందు ప్రయాణికుడు. సరైన ఊళ్ళో దించాలి, అంతే" అనడం మొదలుపెట్టాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నాకప్పుడు ఎవరూ చెప్పలేదు. (నా బస్సెక్కినవాళ్ళు ఎక్కడికి టికెట్టు తీసుకున్నా కాలేయంలోనే దిగిపోతున్నారన్న సంగతి మా గైడు గారికీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు.)

మా పెద్దనాయన వేటకుక్కలు పెంచేవాడు. మా ఊరి పేరు పెట్టుకున్న జాతి. ఒళ్ళు పాలలా ఉండాలి, ముక్కు గులాబీ రంగులో ఉండాలి, ముక్కు మీద నల్లచుక్క ఉంటే కొనేవాళ్ళు మొహం తిప్పుకుంటారు. ఆ తెలుపుతోనే కొన్ని పిల్లలకు పుట్టుచెవుడు వస్తుంది. తెలుపు కావాలట, చెవుడు మాత్రం వద్దట! తెల్లదనం కోసం తరతరాలుగా ఏరి ఏరి జత కట్టించిన పెద్దమనుషులే, పిల్లల వెనక పళ్ళెం పడేసి, తల తిప్పనిదాన్ని పక్కకు తీసేస్తారు. తీసి ఏం చేస్తారో చిన్నప్పటినుంచీ తెలుసు, ఇప్పటికీ చెప్పబుద్ధి కాదు. ఆ ఏడాది ఈతలో అన్నిటికన్నా అందమైన పిల్ల పళ్ళెం చప్పుడుకి తల తిప్పలేదు. దాన్ని మా పెద్దనాయన అప్పటికే ఒక కోయంబత్తూరు పెద్దమనిషికి ఇస్తానని మాట ఇచ్చేశాడు.

ఒక ఆదివారం పొద్దున మామిడిపళ్ళ బుట్టలో ఆ పిల్లను పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఏమే, దీని చెవికి ఒక బస్సు పంపించు."

"పెద్దనాయనా, అది ఇంకా ఎలకల్లోనే సరిగ్గా పనిచెయ్యలేదు."

"ఎలక్కి ఏమిటికి? ఎలక ఏమన్నా మనకి సొంతమా, చుట్టమా? ఇది మన ఇంటి బిడ్డ. గవర్నమెంటు నీకు సుమ్మానే, ఊరికే జీతం ఇస్తా ఉండాదా?"

నాకు ఒళ్ళు మండింది. అయినా తమాయించుకుని, దీని చెవి లోపల చప్పుడు పట్టుకునే కణాలు పుట్టిన కొద్దిరోజులకే ఎండిపోయాయనీ, ఇక మొలవవనీ వివరించాను. "బస్సు ఉన్నా, దిగడానికి అక్కడ ఊరే లేదు పెద్దనాయనా!" అన్నాను. ఆయన ఇదంతా విని తల ఊపి, "అయితే బస్సు ఉండాది" అని బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారానికి మా అరుగు నిండిపోయింది. మంసాపురం నుంచి ఒకాయన అత్తగారిని తీసుకొచ్చాడు. ("మంచి మాట చెప్తే వినపడదు, తిట్టితే వినపడతాది. అది ఏ జీను మేడం?") సత్రపట్టి నుంచి ఒకాయన ఎద్దునే తోలుకొచ్చి, చెవితోపాటు దాని సోమరితనం కూడా కుదురుతుందా అని అడిగాడు. వాళ్ళను పంపెయ్యవలసిన మా అమ్మ, ఇంటికి వచ్చినవాళ్ళని ఎట్లా పంపేదని అందరికీ కాఫీ కలిపి పోస్తోంది! అసలు నన్నెవరైనా అడిగారా? నా చదువు నాది కాదా? ఆ కోపంలో ఉండగానే కోయంబత్తూరు కారు వచ్చి ఆగింది.

పెద్దనాయన నన్ను దొడ్డివైపుకు లాక్కుపోయాడు. "ఒక మాట చెప్పు, చాలు. డాక్టరమ్మ మరుందు పెట్టినాది, ఆరు నెలల్లో చెవి వినపడతాది అని. నీకేం పోతాది?"

"నేనింకా డాక్టరమ్మను కాలేదు. మందూ పెట్టలేదు."

"అప్పుడు దాని గతి ఏమో నీకు తెలుసు గదా" అన్నాడు, నా మొహం చూడకుండా.

అదీ అన్యాయం! నిజం చెబితే కుక్కపిల్ల పోతుంది, అబద్ధం చెబితే నా పని పోతుంది. నేను అరుగు మీదికి వచ్చి, పక్క వీధికి కూడా వినపడేంత గట్టిగా అరిచాను. "ఈ పిల్లకి చెవులు వినపడవు. వినపడేట్టు చేసే మందు నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. ఎద్దుని కూడా తోలుకుపొండి!"

కోయంబత్తూరు పెద్దమనిషి కాఫీ ముగించి, ముక్కు మీద చుక్కున్న దాని తమ్ముణ్ణి అడిగి తీసుకువెళ్ళాడు. పెద్దనాయన బుట్ట తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టాడు. "నా పేరు కెడిపేసినావే! ఇంక ఆ చెవిటి పిల్లని నువ్వే మేపుకో!"

"మేపుకుంటా!" అన్నాను. ప్రేమతో కాదు, పౌరుషంతో. (నాకు కుక్కలంటే భయం.) ఇంత గొడవలోనూ బుట్టలో అది హాయిగా ఒళ్ళు విరుచుకుని మళ్ళీ నిద్రపోయింది.

నేలమీద కాలు తాటిస్తే దాని పాదాలకు తెలిసేది. అదే దాని పేరు, అదే పిలుపు. దీపావళికి వీధి కుక్కలన్నీ దాక్కుంటే, మా తెల్లది అరుగు మీద మహారాణిలా పడుకుని టపాకాయల వెలుగు చూసేది. ముసలిదై, నా మంచం పక్కనే పోయింది. ఇప్పటికీ తలుచుకుంటే ఏడుపొస్తుంది.

ఇప్పుడు నాకూ ఒక ల్యాబుంది, పిల్లలున్నారు, నా బస్సులు మాత్రం ఎక్కువగా కాలేయానికే పోతున్నాయి. పెద్దనాయనకు చెవులు పూర్తిగా పోయాయి, మిషను పెట్టుకోనంటాడు. మొన్న వెళ్ళి గుమ్మంలో నేలమీద కాలు తాటించాను. గిరుక్కున తిరిగాడు.

"కుక్కని పిలిచినట్టు పిలుస్తావేమే!" అని మండిపడ్డాడు. ఆ తరవాత వీధంతా వినేట్టు, "నీ బస్సు బయలుదేరినాదా?" అన్నాడు.

ఒకప్పుడైతే ఈ ప్రశ్నకే గంటసేపు పోట్లాడేదాన్ని. ఇప్పుడు నవ్వి, ఇంకా లేదని చెయ్యి ఊపాను.

"తొందర ఏమిటికి? దిగేదానికి ఊరు ఉండాదో లేదో చూసుకునే పంపించు" అన్నాడు.

ఆ రోజు నా మాట ఆయన చెవిన పడలేదని ఇన్నేళ్ళూ కోపం పెట్టుకున్నాను.