నాన్న భుజం, నా ర్యాంకుల కాగితం

కాలేజీలు పిల్లలకు ప్రవేశ పరీక్ష పెట్టడం లోకంలో ఉన్నదే. కాలేజీలకే ప్రవేశ పరీక్ష పెట్టిన మహానుభావుణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఆ పరీక్షలో తప్పిందెవరో చివరిదాకా దాచే ఓపిక నాకు లేదు. నేనే తప్పాను. ఎంత ఘోరంగా తప్పానో ఇప్పుడు చెబుతాను. నా పరువు హుగ్లీ నదిలో కలిసి ముప్పై ఏళ్లు కావస్తోంది కాబట్టి మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు.

అప్పట్లో మేం కలకత్తాలో, ఓడలు సరుకు దింపే ఖిదిర్‌పూర్ డాకుల దగ్గర ఉండేవాళ్లం. మా నాన్న సింహాచలం మీసాలు రాకముందే శ్రీకాకుళం నుంచి వచ్చి డాకులో బరువులు మోసే పనిలో చేరాడు. ఇక నేను. మా పేటలో ఫుట్‌బాల్ పోటీ జరిగితే, కిందపడ్డ ఆటగాడి దగ్గరికి సంచీ పట్టుకుని పరిగెత్తే మనిషొకాయన ఉండేవాడు. గోలు కొట్టినవాడికన్నా ఆయనకే ఎక్కువ చప్పట్లు పడేవి. ఆయన్ని ఫిజియోథెరపిస్టు అంటారని తెలిసిన రోజే నా భవిష్యత్తు ఖాయమైపోయింది. ఆలు లేదు, చూలు లేదు, అప్పుడే చేతిలో సంచీ.

పన్నెండో తరగతి గట్టెక్కాక రెండు కాలేజీల్లో సీటు వచ్చే అవకాశం కనబడింది. ఒకటి సాల్ట్ లేక్‌లో, తోసుకుని వెళ్లే అద్దాల తలుపులున్నది. రెండోది హౌరాలో, పాత రెండంతస్తుల ఇల్లు. పైన కాలేజీ, కింద హోమియోపతి మందుల కొట్టు. ఇంతలో ఒక ఇంగ్లీషు పత్రికలో ఫిజియోథెరపీ కాలేజీల ర్యాంకులు పడ్డాయి. సాల్ట్ లేక్ కాలేజీ కలకత్తాలో మొదటిది. హౌరా కాలేజీ పేరు పైనుంచి కిందికీ, కిందనుంచి పైకీ వెతికినా లేదు. ఆ కాగితం కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకుని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపిస్తూ తిరిగాను.

నేను అక్కడితో ఆగితే ఈ కథ లేదు. ర్యాంకు నిజమో కాదో నేనే స్వయంగా తేల్చాలని బుద్ధి పుట్టింది. రెండు కాలేజీలకూ ఔట్‌డోర్ ఉంది, అంటే బయటి రోగులు వచ్చి చూపించుకునే గది. రోగి కూడా ఇంట్లోనే ఉన్నాడు. నాన్నకు కుడి భుజం అప్పుడప్పుడు పట్టేస్తుందని అమ్మ అంటూ ఉండేది.

"నాన్నా, రెండు చోట్లా నీ భుజం చూపిద్దాం. ఎవరు బాగా చూస్తే వాళ్ల దగ్గర చదువుతాను," అన్నాను.

"మొదటి ర్యాంకు కాలేజీ ఉన్నాదంతన్నావు గదరా. మరి సూసేదేటి?"

"పరీక్షించాలి."

అమ్మ వంటింట్లోంచే అంది: "కుండ కొనాలంటే కుండని తట్టి సూడాలి. మజ్జిన మీ నాన్ననెందుకురా తడతావు?"

చదువుకునేవాడు ఆడవాళ్ల మాట వింటాడా? విననందుకు ఫలితం చిత్తగించండి.

ముందు సాల్ట్ లేక్ వెళ్లాం. తెల్లకోటు వేసుకున్న కుర్ర మాస్టారు, ఆయన చుట్టూ ఎనిమిదిమంది విద్యార్థులు. నాన్నను ఎత్తైన బల్లమీద కూర్చోబెట్టి బెంగాలీలో మర్యాదగా, అన్నగారూ అన్నట్టు 'దాదా' అని పిలిచి అడిగాడు.

"దాదా, నొప్పి ఎక్కడ?"

"నొప్పేటీ నేదు," అన్నాడు నాన్న తనకొచ్చిన బెంగాలీలో.

"కుడి భుజం అని చీటీలో రాసి ఉంది."

"రాసినోడికి ఉన్నాదేమో. నాకు నేదు."

"ఒకసారి చెయ్యి పైకెత్తండి."

నాన్న ఎత్తాడు. పంద్రాగస్టు జెండాలాగ ఆ చెయ్యి నెమ్మదిగా, గౌరవంగా, చెవిదాకా వెళ్లింది. నాన్న దవడలు బిగుసుకున్నాయి. మాస్టారికి ముచ్చటేసింది.

"చూడండి. యాభై దాటిన మనిషి. జీవితమంతా బరువులు మోశాడు. భుజం ఎంత చక్కగా కదులుతోందో. దాదా, మా పిల్లలకు ఇంకోసారి."

పిల్లలు ఎనిమిదిమంది. ఒక్కొక్కరి కోసం ఒక్కొక్కసారి. ఎనిమిదో ఎత్తుకి నాన్న చొక్కా వానలో తడిసినట్టయింది. అయినా మొహంలో చిరునవ్వు చెక్కుచెదరలేదు. మాస్టారు భుజం తట్టి (కుడిదే) 'ఏ లోపమూ లేదు' అని రాసి పంపించేశాడు.

బయటికి రాగానే నిలదీశాను. "నొప్పి లేదన్నావేంటి నాన్నా?"

"ఉన్నాదంటే నీకు సీటిత్తారేటి? తండ్రే ఇలగున్నాడు, కొడుకేటి పనికొత్తాడనుకోరా?"

డాకులో ఏడాదికోసారి డాక్టరు చూసేవాడు. నొప్పి అన్నవాణ్ణి పని నుంచి తప్పించేస్తారని నాన్న గట్టి నమ్మకం. అందుకని ముప్పై అయిదేళ్లకు పైగా, తెల్లకోటు కనబడితే ఆయన నోటికి 'నేదు' ఒక్కటే వచ్చేది.

దీంట్లోంచి నేను తేల్చిందేమిటంటే, కాలేజీ బ్రహ్మాండం, రోగి పనికిరానివాడు.

మూడు రోజులకు హౌరా బయల్దేరాం. దారిలో ఫెర్రీ మీద నాన్నకు శిక్షణ ఇచ్చాను.

"ఈసారి ఎక్కడ నొక్కినా నొప్పే అను."

"ఎక్కడ నొక్కినా?"

"ఎక్కడ నొక్కినా. వాళ్లకి ఎంత తెలుసో చూద్దాం."

మేడమెట్లు ఎక్కితే ఒకటే గది. గోడకి ఒక చెక్క నిచ్చెన, కిటికీ పక్కన రెండు బల్లలు. నీరుకావి చీర కట్టుకుని, చేతులు మోచేతులదాకా తడిగా, ఒక పెద్దావిడ వచ్చింది. ఆయా అనుకున్నాను. ఆవిడ చీరకొంగుకి చేతులు తుడుచుకుని నాన్న ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. బెంగాలీలో "ఏమైంది దాదా?" అంది.

నాన్న నావైపు చూశాడు. నేను తెలుగులో, గొంతు తగ్గించే శ్రమ కూడా పెట్టుకోకుండా అన్నాను: "చెప్పు నాన్నా. ఈ కాలేజీ లిస్టులోనే లేదు. ఈవిణ్ణి చూస్తే డాక్టరమ్మలాగ ఉందా, చేపల బజారు నుంచి తిన్నగా వచ్చినట్టుంది. తలనుంచి కాళ్లదాకా నొప్పులే అని చెప్పు."

"తలకాడ్నించి కాళ్లకాడికి నొప్పులేనమ్మా," అన్నాడు నాన్న బెంగాలీలో, విధేయంగా.

ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. మోచెయ్యి నొక్కింది. "ఇక్కడ?"

"ఉన్నాది."

చెవితమ్మె పట్టుకుంది. "ఇక్కడ?"

నాన్న నావైపు చూశాడు. "అవునను," అన్నాను తెలుగులో.

"బాగా ఉన్నాదమ్మా."

ఆవిడ నాన్న చేతి గడియారం అద్దం మీద వేలు పెట్టింది. "ఇక్కడ?"

నేను అప్పటికి కిటికీలోంచి కింద పోయే బస్సులను లెక్కపెడుతున్నాను. "అవునను నాన్నా, మళ్లీ మళ్లీ అడుగుతావేంటి," అన్నాను.

"ఉన్నాదమ్మా," అన్నాడు నాన్న. "రాత్రి మరీని."

ఆవిడ నావైపు తిరిగి, పలాస సంతలో కూడా అంత స్వచ్ఛంగా వినబడని తెలుగులో అంది:

"గడియారానికి మందు నా కాడ నేదు నాయినా. గడియారాల కొట్టుకి తీసికెల్లు. మీ అయ్యకి ఏటైందో ఆయన్ని సెప్పనియ్యి."

గోడలకు చెవులుంటాయని పెద్దలు చెప్పారు. ఆ చెవులకు తెలుగు వచ్చని ఒక్కరూ చెప్పలేదు.

ఆవిడ పేరు షెఫాలీ మ్యాడం. పుట్టిందీ పెరిగిందీ ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో. పక్కిల్లు పలాసవాళ్లది, ఎదురిల్లు టెక్కలివాళ్లది, ఇద్దరూ మా శ్రీకాకుళం వైపువాళ్లే. అన్నట్టు ఆవిడ ఆయా కాదని మీకు తెలిసిపోయే ఉంటుంది. ఆ కాలేజీకి ప్రిన్సిపాలు.

"నువ్వా గోడకాడ నిల్సో," అంది నాతో. నిల్చున్నాను. ఇంకో పదేళ్లు నిల్చోమన్నా నిల్చునేవాణ్ణి.

నాన్నను ఇంకేమీ అడగలేదు. చొక్కా విప్పమంది, అంతే. నాన్న ఎడంచేత్తో బొత్తాలు తీశాడు. ముందు ఎడమ చెయ్యి బయటికి లాక్కుని, తర్వాత ఆ ఎడంచేత్తోనే చొక్కాను కుడి భుజం మీదనుంచి, నిద్రపోతున్న పసిపిల్లను పక్కకు జరిపినట్టు, మెల్లగా జార్చాడు.

"కుడి సేత్తో తల దువ్వుకుని ఎన్నాళ్లయింది?" అని అడిగింది.

నాన్న నేల చూశాడు. అటే చూస్తూ అన్నాడు: "రెండేళ్లు దాటిందమ్మా."

ఒకే గదిలో పడుకునే ఇల్లు మాది. రెండేళ్లుగా ఆయన రోజూ నా కళ్లముందే ఎడంచేత్తో తల దువ్వుకున్నాడు. ఫిజియోథెరపిస్టు కాబోయే నేను పత్రికలో ర్యాంకులు చూశానుగానీ పాపిడి చూడలేదు. ఇక్కడ మీరు నవ్వక్కర్లేదు. నేనూ నవ్వలేదు.

ఆవిడ భుజం పట్టుకుని చాలాసేపు కదిపింది. గోడమీద వేళ్లను మెల్లగా పైకి పాకించడం నేర్పింది. వారానికి మూడు రోజులు రమ్మంది. "ఒట్టుకుని నిలబడ్డానికి మనిసి గావాల. నువ్వు రా," అంది నాతో.

తిరుగు ఫెర్రీలో అడిగాను, "ఏ కాలేజీలో చేరమంటావు నాన్నా?"

నాన్న తడుముకోలేదు. "ఆ పెద్ద కాలేజీలో నాను నేదన్నాను. నమ్మీసినారు. ఈయమ్మ నాను సెప్పిందొక్కటీ నమ్మనేదు. ఈయమ్మ కాడే సదువు."

సాల్ట్ లేక్ కాలేజీకి అన్యాయం చేయకూడదు. అక్కడ చదివిన నా స్నేహితులు నాకన్నా మంచి వైద్యులయ్యారు. రోగి అబద్ధం చెప్పాడు, వాళ్లు నమ్మారు. ఆ అబద్ధం చెప్పిన రోగిని వెంటబెట్టుకుని వెళ్లింది నేను.

హౌరా కాలేజీ ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో షెఫాలీ మ్యాడం. మిగతా ఇద్దరూ అడిగిందే అడిగారు: "మా కాలేజీనే ఎందుకు ఎంచుకున్నావు?" నాకు నోరు పెగల్లేదు. మ్యాడం కళ్లజోడు సర్దుకుని, "తెలుగులో సెప్పినా పరవానేదు," అంది. సీటు ఇచ్చేశారు. నా మౌనం చూసి వినయవంతుణ్ణని మిగతా ఇద్దరూ అనుకున్నారట.

నాన్న చెయ్యి నాలుగు నెలలకు నొప్పి లేకుండా తలదాకా వచ్చింది. నేను ఆఖరి ఏడాదికి వచ్చాక ధైర్యం చేసి అడిగాను. "మ్యాడం, ఇంత మంచి కాలేజీ ఆ ర్యాంకుల జాబితాలో ఎందుకు లేదు?"

నాణ్యత గురించీ విలువల గురించీ గంభీరమైన జవాబు వస్తుందని నోటుపుస్తకం కూడా తెరిచాను.

"ఆ పత్రికోలు కాయితాలు పంపినారు. నింపినాం," అంది మ్యాడం. "పంపాల్సిన ఆఖరి రోజున బంద్. పోస్టాఫీసు తియ్యనేదు. మర్నాడు మా గుమస్తా జొరమొచ్చి పడుకున్నాడు. ఇంకేటుంది నాయినా, ర్యాంకు పోయింది."

నేను చొక్కా జేబులో దేవుడి పటంలా మోసిన పట్టిక అదండీ. అందులో మా మ్యాడం ముప్పై ఏళ్ల చేతిచలవ లేకపోవడానికి కారణం, మూసిన పోస్టాఫీసు.

ఆనాడే హుగ్లీ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను, నేటికీ తప్పలేదు. ఇకమీదట ఏ కాలేజీనీ, ఏ వైద్యుణ్ణీ, ఏ వంటవాణ్ణీ ర్యాంకు చూసి నెత్తిన పెట్టుకోను, ర్యాంకు లేదని తీసిపారెయ్యను. ఒకవేళ ఎవరినైనా తిట్టి తీరాల్సివస్తే, ముందు చేతులు కట్టుకుని, వారు పుట్టిన ఊరు, పెరిగిన ఊరు, పక్కింటివాళ్ల ఊరు వినయంగా కనుక్కుంటాను. ఎదురింటివాళ్లది టెక్కలి అని తేలితే మాత్రం, నోరు మూసుకుని దండం పెట్టి వచ్చేస్తాను.