నాయన శవం వేషం వేసిన రోజు

మా ఇంట్లో మగవాళ్లకి సినిమా తప్ప మరో పని రాదు. తాత తమిళనాడులో ధర్మపురి దగ్గరి పాలకోడులో డేరా సినిమా హాల్లో రీళ్లు తిప్పుతూ తిప్పుతూ మద్రాసు పోయి దర్శకుడయ్యాడు. నాయన ఆయన దగ్గరే క్లాప్ కొట్టడం నేర్చుకొని పదకొండు సినిమాలు తీశాడు. అందులో నాలుగు బాగా ఆడాయి. ఆ నాలుగింటి పేరు చెప్పుకొనే మిగతా ఏడూ తీశాడని అమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. నేను మూడో తరం. నా మొదటి సినిమా వారం ఆడింది. రెండోది విడుదలైన సంగతి మా వీధిలోవాళ్లకే తెలియలేదు. ఎవరైనా నన్ను "ఫలానా డైరెక్టరు కొడుకు" అని పరిచయం చేస్తే ఒళ్లు మండేది. మూడోదీ పోతే ఆ పరిచయం ఒక్కటే మిగులుతుందని భయంగానూ ఉండేది.

ఆ మూడోదాన్ని మా ఇంటి తెలుగులో తీశాను. ధర్మపురి చుట్టుపక్కల తరతరాలుగా ఉంటున్న మావాళ్లు గడప లోపల మాట్లాడుకునే తెలుగు అది, గడప దాటితే అంతా తమిళమే. చెన్నైలో ఈ మాట చెప్తే అందరూ నవ్వారు. తమిళవాళ్లకి అర్థం కాదు, ఆంధ్రావాళ్లు మీ యాస విని పారిపోతారు, ఎవరు చూస్తారన్నారు. నవ్వినకొద్దీ నాకు మొండితనం పెరిగింది. నాయన మాత్రం నవ్వలేదు. చివరికి ఆయన స్నేహితుడొకాయన నిర్మాతగా ముందుకొచ్చాడు. ధర్మపురి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగి ఇరవై రోజుల షూటింగు మొదలుపెట్టాం.

కథకంతటికీ ప్రాణం లాంటి సీను ఒకటుంది. టమోటా రైతు ఒకాయన చనిపోతాడు. ఇంటి ముందు శవం ఉంటుంది, ఆడవాళ్లు ఏడుస్తుంటారు, ఇద్దరు కొడుకులు అక్కడే పోట్లాడుకుంటారు. దీన్ని ఏడు నిమిషాల ఒకే షాటుగా, మధ్యలో ఎక్కడా కట్ లేకుండా తీయాలని పట్టుబట్టాను. నాయన అయితే దీన్ని నలభై ముక్కలు చేసేవాడు. నిజం చెప్పాలంటే అందుకే నాకు ఒకే షాటు కావలసి వచ్చింది.

దగ్గర్లోని పెరియంపట్టి అనే ఊళ్లో పాత పెంకుటిల్లు ఒకటి దొరికింది, ఒక్క రోజుకే. మర్నాడు పొద్దున్నే దాన్ని పడగొట్టడానికి జేసీబీ వస్తోంది. ఏడవడానికి ఊళ్లోని మావాళ్లలోంచే పదిమంది ఆడవాళ్లని పిలిచాను. టమోటాల కోతకి, పాలకోడు మార్కెట్లో కాయలు ఏరడానికి పోయే కూలీవాళ్లు. శవంగా పడుకోవడానికి ఒప్పుకున్న పెద్దాయన ఆ రోజు పొద్దున రాలేదు. మనిషిని పంపిస్తే ఆయన కోడలు గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసిందట. "బతికుండే మనిషికి ముక్కులో దూది పెడ్తారా? మీ ఇంట్లో ముసిలోళ్లు లేరా?" అందట.

మా ఇంట్లో ఉన్నాడు. కుర్చీలో కూర్చొని అంతా వింటున్న నాయన లేచి చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

"యోచన ఎందుకురా? నేను పండుకొంటాను. పదకొండు సినిమాల్లో ఎందర్నో చంపినాను. ఒకతూరి నేను చస్తే ఏమి?"

అందరూ నవ్వారు. ఒక్క మేకప్ ఆయన నవ్వలేదు. ఆయన నాయన దగ్గర ముప్పై ఏళ్లుగా ఉన్న మనిషి, నేను మామా అని పిలుస్తాను. "సారుకి షుగరుండాది గదప్పా" అని నసిగాడు. పడుకోవడమే కదా, పరిగెత్తమనడం లేదు కదా అన్నాను.

ఇక్కడ మా సినిమావాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. ఎవరైనా చచ్చిపోయినట్టు నటిస్తే, కట్ చెప్పినా కెమెరా ఆపకూడదు. శవం వేసినవాడు కళ్లు తెరిచి, కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వు పడితే దోషం పోతుందని నమ్మకం. నాయన ఏ సినిమాలోనూ దీన్ని తప్పలేదు. కొందరు నటులు ఆటపట్టించడానికి వెంటనే నవ్వకుండా బిగుసుకుపోయి పడుకునేవాళ్లు. యూనిట్ అంతా చుట్టూ చేరి జోకులు వేసి, కితకితలు పెట్టి నవ్వించేది. చిన్నప్పుడు షూటింగుకి పోతే నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే.

మొదటి టేకులో కుక్క అడ్డం వచ్చింది. రెండోది ఐదో నిమిషం దాకా అద్భుతంగా వచ్చి, అక్కడ నాయన పొట్ట కదిలింది. నాకు కోపం ఆగలేదు. "నాయనా, పొట్ట! చచ్చిపోయినోడికి పొట్ట లేస్తాదా?" అని పదిమందిలో అరిచాను. తన జీవితమంతా నటుల మీద అరిచిన మనిషి, మంచం మీద దూది పెట్టుకొని పడుకొని, "తప్పేరా, తప్పే" అన్నాడు.

ఆ తర్వాత మధ్యాహ్నం భోజనాలకి ఆపాం. ఆకులో వడ్డించిన అన్నం నాయన ముట్టలేదు. తింటే పొట్ట లేస్తుంది, షాటయ్యాక తింటానన్నాడు. పొద్దున కూడా ఒక ఇడ్లీతో సరిపెట్టాడని నాకు తెలుసు. నేను తినమని చెప్పాలి. చెప్పలేదు. లోపల్లోపల సంతోషించాను కూడా. అంతలో చెన్నై నుంచి అమ్మ ఫోన్ చేసింది. మధ్యాహ్నం అయితే చాలు, అమ్మ రెండు ప్రశ్నలు అడుగుతుంది.

"నాయన తినినాడా?"

"తినినాడుమ్మా."

"షుగరు మాత్ర?"

"అదీ ఏసుకొన్నాడు."

మాత్ర మాత్రం నిజంగానే వేసుకున్నాడు.

మూడో టేకు మూడు దాటాక మొదలైంది. అప్పటికి ఎండ వాలి, పెంకుల కింద నేను కోరుకున్న నీడ పడింది. కెమెరా వీధిలోంచి మెల్లగా వచ్చింది. ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. పొద్దున సిగ్గుపడి నవ్విన ఆ ఆడవాళ్లే ఇప్పుడు ఎవరి చావు ఎవరికి గుర్తొచ్చిందో గానీ గుండెలు బాదుకుంటున్నారు. ఇలాంటిది మళ్లీ రాదని తెలుస్తోంది. మూడో నిమిషంలో కెమెరా నాయన ముఖం మీదికి వచ్చింది.

మానిటర్‌లో ఆయన నుదుటి మీద చెమట కనబడింది. ముందు ఒక చుక్క, తర్వాత మేకప్ పొర కిందినుంచి ఊరుతున్నట్టు నుదురంతా. పక్కన నిలబడ్డ మేకప్ మామ నా చెయ్యి పట్టుకున్నాడు. "చెమట పడతా ఉండాది. నీడలో ఇంత చెమటేంది? నిలపప్పా" అని గుసగుసగా అన్నాడు.

"తర్వాత కంప్యూటర్లో తుడిచేద్దాం. కదలొద్దు" అన్నాను. ఆయన ముందుకు అడుగు వేయబోతే జబ్బ పట్టుకొని ఆపాను. గట్టిగానే పట్టుకున్నాను. ఇంకా నాలుగు నిమిషాల షాటు మిగిలి ఉంది. కొడుకుల పోట్లాట జరిగింది, పెద్దవాడు తువ్వాలు విసిరికొట్టాడు, ఆడవాళ్ల ఏడుపు సన్నబడింది. నాయన పొట్ట కదల్లేదు, రెప్ప కదల్లేదు. శవం అంటే ఇదీ అనుకున్నాను.

కట్ అన్నాను. చప్పట్లు మోగాయి. కెమెరా తిరుగుతూనే ఉంది, అందరం నాయన నవ్వు కోసం మంచం చుట్టూ చేరాం.

నాయన నవ్వలేదు.

"సారు మనతో ఆడుకుంటా ఉండారు" అన్నాడు కెమెరామన్. అసిస్టెంట్లు కిసుక్కుమన్నారు. ఒకడు, ఇంటికి పోదాం లేవండి సార్, కాఫీ చల్లారిపోతోందన్నాడు. నేను నాయన అరికాలు గోకాను. కాలు వెనక్కి తీసుకోలేదు. ఎంత బాగా నటిస్తున్నాడో అనుకొని ఇంకా నవ్వాను. అలా ఎంతసేపు నవ్వామో అప్పుడు తెలియలేదు. తర్వాత రికార్డింగులో చూస్తే దాదాపు రెండు నిమిషాలు.

తల దగ్గర కూర్చొని ఏడ్చిన ముసలామె మా నవ్వులు చూసి మొదట అయోమయంగా మొహం పెట్టింది. తర్వాత నాయన చెయ్యి పట్టుకొని చూసి గట్టిగా అరిచింది.

"నవ్వేది ఏందప్పా? ఆయప్ప చెయ్యి చల్లగుండాది! ఒళ్లంతా తడిసిపోయి ఉండాది, కండ్లు లేవా మీకు?"

ముందు దూది పీకేశాను. ఊపిరి ఉంది, గురక లాగా. ఎత్తుకొని వ్యానులో వేసుకొని ధర్మపురి సర్కారు ఆసుపత్రికి బయల్దేరాం. ఎంత దూరమని! దారిలో చెరుకు ట్రాక్టరు ఒకటి అడ్డం వస్తే దాన్ని నడిపేవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. మేకప్ మామ గుడ్డతో నాయన ముఖం మీద రంగు తుడవబోయి, సగంలో ఆపేసి ఆయన అరిచేతులు రుద్దడం మొదలుపెట్టాడు. దాంతో ఆసుపత్రి గుమ్మంలో నాయన్ని దించేసరికి సగం ముఖం తెల్లగా పాలిపోయి, నుదుటి మీద శవానికని అంటించిన రూపాయి బిళ్ల మచ్చతో, మెళ్లో పూలదండతో ఉన్నాడు. స్ట్రెచరు తెచ్చిన మనిషి ఒక్క చూపు చూసి, శవమైతే ఆ వెనకాల భవనానికి తీసుకుపొమ్మని తమిళంలో చెప్పాడు. నేను దండ తెంపి నేలకేసి కొట్టి, బతికే ఉన్నాడని అరిచాను. అరుస్తున్నానే గానీ నాకే నమ్మకం లేదు.

చిన్న వయసు డాక్టరమ్మ. వేలు మీద సూది గుచ్చి చూసి, చక్కెర బాగా పడిపోయిందని చకచకా గ్లూకోజు ఎక్కించింది. ఎక్కిస్తూనే అడిగింది. తిండి తిన్నాడా? లేదన్నాను. చెమట పట్టిందా? పట్టి ఎంతసేపయింది?

"నేను చూడలేదు" అన్నాను.

మేకప్ మామ నా పక్కనే ఉన్నాడు. నా వైపు ఒకసారి చూసి, తల దించుకొని బయటికి వెళ్లిపోయాడు. డాక్టరమ్మే లెక్క వేసుకోవాల్సి వచ్చింది. బెంచీ మీద కూర్చొని ఉంటే, నాయన పోతే ఈ మాట నేనూ మామా తప్ప ఎవరూ ఎరగరు కదా అని ఒక ఆలోచన వచ్చింది. అలాంటి ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

గంటకి నాయన కళ్లు తెరిచాడు. సాయంత్రానికి ఇడ్లీ తిన్నాడు. మర్నాడు అమ్మ వచ్చింది. తిన్నాడని ఫోన్‌లో అబద్ధం ఎందుకు చెప్పావని ఒక్క మాటా అడగలేదు, అడిగితే బాగుండేది. మూడో రోజు నాయన్ని లాడ్జికి తీసుకొచ్చాం. వచ్చీ రాగానే షాటు చూపించమన్నాడు. ఆ చివరి నవ్వుల ముక్క కోసేసి పెట్టమని ఎడిటర్‌తో ముందే చెప్పి ఉంచాను. కానీ నాయన దగ్గర ఆ వేషాలు సాగవు. మొత్తం పెట్టమన్నాడు.

లాప్‌టాప్ మంచం మీద పెట్టాం. అమ్మ కిటికీ దగ్గర నాయన మాత్రలు సర్దుతోంది. నాయన షాటంతా చూశాడు, మేమంతా చుట్టూ చేరి నవ్వడమూ చూశాడు. మళ్లీ వెనక్కి తిప్పమని, మూడో నిమిషం దగ్గర ఆపమన్నాడు. తెర మీద ఆయన నుదురు, దాని మీద చెమట.

"ఇది నీకు కనబడలేదా?"

నాయన నాకు నేర్పిన మొదటి పాఠం, మానిటర్‌లో ఉన్నది కనబడనివాడు దర్శకుడు కాడని. కనబడలేదంటే ఆయన నమ్మడు, నమ్మినా ఇక నన్ను దర్శకుడిగా చూడడు. కనబడిందంటే నేనేం కొడుకుని? డాక్టరమ్మతో అన్న మాటే మళ్లీ నోటిదాకా వచ్చింది. మేకప్ మామ తల దించుకోవడం గుర్తొచ్చింది.

"కనబడింది నాయనా" అన్నాను. "మామ నిలపమన్నాడు. నేనే వద్దన్నాను."

తిడతాడని, కొడతాడని, ఇంకెప్పుడూ నా మొహం చూడడని ఏవేవో అనుకున్నాను. నాయన తెర వైపే చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"నాకు రెండో నిమిషంలోనే కండ్లు తిరిగినాయి. చెయ్యి ఎత్తుంటే సరిపోయేది. ఎత్తితే నీ షాటు పోతాదని పండుకొన్నాను."

ఆ మాట వినగానే నాకు ఏడుపు వచ్చేసింది. నాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. తండ్రీ కొడుకులం అలా ఒకరినొకరు క్షమించుకొని కూర్చున్నాం. అది చాలా గొప్పగా కూడా అనిపించింది నాకు.

అమ్మ మాత్రల డబ్బా మూసి మా వైపు తిరిగింది.

"ఒకడు చూసీ ఊరకుండినాడు. ఇంకొకడు తెలిసీ పండుకొన్నాడు. ఫోన్ పట్టుకొని నేనొకతిని ఉండాననేది మీ ఇద్దర్లో ఎవురికైనా గుర్తొచ్చిందా?"

నాయన నా వైపు చూశాడు. నేను నాయన వైపు చూశాను. మా ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు.